కంచిలో కామాక్షి నుంచి ఏకామ్రేశ్వరుడి దాకా: ఆటో ఎక్కకుండా నడవాల్సిన దారి

కంచి బస్టాండులో దిగిన తెలుగువాళ్ళని ఆటోవాళ్ళు ఇట్టే పసిగడతారు. "అమ్మగారూ, అయిదు గుళ్ళు, మూడు గంటలు, పట్టుచీరల షాపు కూడా" అంటూ తెలుగులోనే మొదలుపెడతారు. 800 దగ్గర మొదలైన మాట బేరమాడితే 500కి దిగుతుంది. డబ్బు పోతే పోయింది, అసలు నష్టం వేరే ఉంది. ప్యాకేజీలో గుడికి ఇరవై నిమిషాలే ఇస్తారు. ఆళ్వార్లు పాడిన 108 విష్ణుక్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, ఆరు ఉన్న దారిని అలా చుట్టేస్తే, వాటిలో ఒక్కటి కూడా సరిగ్గా చూడకుండానే బండెక్కుతాం. కామాక్షి, ఉలగళంద పెరుమాళ్, కుమరకోట్టం, ఏకామ్రేశ్వరుడు, ఈ నాలుగు గుళ్ళ మధ్యా నడక మొత్తం కలిపినా రెండు కిలోమీటర్లు దాటదు. వీటికి ఆటో దండగ.

ఈ ఊళ్ళో తప్పంతా టైము దగ్గరే జరుగుతుంది. మధ్యాహ్నం 12, 12:30 మధ్య గుళ్ళన్నీ తలుపులు వేసేస్తారు. మళ్ళీ తీసేది 4 గంటలకి. తిరుపతి నుంచి కంచి దాదాపు 110 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు తగ్గదు. పొద్దున టిఫిన్ చేసుకుని తీరిగ్గా బయల్దేరితే చేరేసరికి 11 అవుతుంది. ఒక గుడి చూసి రెండోదాని వరుసలో నిలబడేలోపే తలుపులు పడతాయి. ఇక 4 దాకా ఏం చేయాలి? సరిగ్గా అప్పుడే డ్రైవరు పట్టుచీరల షాపుకి తిప్పుతాడు. ఆ నాలుగు గంటల ఖాళీ మీదే వాళ్ళ కమిషన్ నడుస్తుంది. కాబట్టి ముందు రాత్రే వచ్చి బస్టాండు చుట్టుపక్కల ఎక్కడైనా గది తీసుకోండి. మరీ గొప్ప గది అక్కర్లేదు, పొద్దున్నే వేడినీళ్ళు వస్తాయా అన్నది మాత్రం డబ్బు కట్టకముందే కుళాయి తిప్పి చూసుకోండి. 6కల్లా కామాక్షి గుళ్ళో ఉంటే, 11లోపు నాలుగు గుళ్ళూ తొందర లేకుండా అయిపోతాయి. శుక్రవారం, పౌర్ణమి రోజుల్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. కామాక్షి గుళ్ళోనే రెండు గంటలు పోవచ్చు.

కామాక్షి అమ్మవారు పద్మాసనంలో కూర్చుని ఉంటుంది. చేతుల్లో చెరకువిల్లు, పూలబాణాలు, పాశం, అంకుశం. ఎదురుగా ఆదిశంకరులు ప్రతిష్ఠించారని చెప్పే శ్రీచక్రం. వరుస కదులుతున్నప్పుడు అందరూ అమ్మవారి ముఖం కోసమే తలెత్తి చూస్తారు, శ్రీచక్రం కిందే ఉండిపోతుంది. రెండూ చూడాలంటే ముందే మనసులో పెట్టుకుని వెళ్ళాలి. కంచిలో శివాలయాలకి విడిగా అమ్మవారి సన్నిధి ఉండదు, అన్నిటికీ ఈ తల్లే అమ్మవారు. అందుకే నడక ఇక్కడి నుంచి మొదలుపెట్టమనేది.

మొదటి దివ్యదేశం ఈ గుళ్ళోనే దాగి ఉంది. గర్భగుడి దగ్గర గోడలో చిన్న మూర్తిగా కళ్వర్ పెరుమాళ్ ఉంటాడు. కళ్వర్ అంటే దొంగ. లక్ష్మి, పార్వతి మాట్లాడుకుంటుంటే చాటుగా విన్నాడని పార్వతి పెట్టిన పేరట. బోర్డు వెతుక్కుంటే దొరకడు. అర్చకస్వామిని "కళ్వర్ పెరుమాళ్ ఎంగే?" (ఎక్కడ?) అని ఒక్క మాట అడగండి, చెయ్యెత్తి చూపిస్తారు. ఇంకో మాట. తంజావూరులో ఉన్న బంగారు కామాక్షి ఒకప్పుడు ఇక్కడి విగ్రహమే. యుద్ధాల కాలంలో దాన్ని తరలించుకుపోయిన అర్చకుల వంశంలోనే శ్యామశాస్త్రి (1762–1827) పుట్టారు. ఆయన కామాక్షి మీద కట్టిన కీర్తనల్లో ఎక్కువ భాగం తెలుగే. ఈ సంగతి తెలిసి ఆ ప్రాకారంలో నడిస్తే మన ఇంటి గుళ్ళో తిరుగుతున్నట్టే ఉంటుంది.

కామాక్షి నుంచి అయిదారు నిమిషాలు నడిస్తే ఉలగళంద పెరుమాళ్, అంటే లోకాలు కొలిచిన త్రివిక్రముడు. మొత్తం నడకలో మనసుని పట్టి ఆపేసే చోటు ఇదే. లోపల చీకటి. ముందు నల్లటి గోడలా కనిపిస్తుంది. భట్టరు (అర్చకుడు) పొడవాటి కర్రకి కట్టిన దీపం పైకెత్తుతారు. అప్పుడు ఒక్కొక్కటిగా బయటపడతాయి: బలి తల మీద మోపిన పాదం, అడ్డంగా చాచిన ఎడమకాలు, రెండు వేళ్ళు చూపిస్తున్న ఎడమచెయ్యి, ఒక్క వేలు చూపిస్తున్న కుడిచెయ్యి. రెండడుగులు అయిపోయాయి, మూడోది ఎక్కడ అని ఆ వేళ్ళు అడుగుతున్నాయి. చివరికి దీపం ముఖం దగ్గరికి వెళ్తుంది. త్రివిక్రముడి ఎత్తు 35 అడుగులు. గడపకి దగ్గరగా నిలబడితే తప్ప ముఖం పూర్తిగా కనబడదు, కాబట్టి ముందువాళ్ళు కదిలేదాకా ఆగండి.

పక్కనే ఆదిశేషుడి సన్నిధి, అదే ఊరగం అనే దివ్యదేశం. పాతాళంలో ఉన్న బలికి అంత పెద్ద రూపం కంటికి ఆనకపోతే, స్వామి పాము రూపంలో కనిపించాడని చెబుతారు. పిల్లలు కావాలని మొక్కుకునేవాళ్ళు ఇక్కడ పాయసం నైవేద్యం పెట్టిస్తారు. నీరగం, కారగం, కార్వానం అనే మూడు చిన్న సన్నిధులు ప్రాకారంలో ఉన్నాయి. అంటే ఒక్క గుళ్ళో నాలుగు దివ్యదేశాలు. చాలామంది పెద్ద మూర్తిని చూసి అటునుంచి అటే బయటికొచ్చేస్తారు. ఈ చిన్న సన్నిధులకి ఒక్కోసారి తాళం వేసి ఉంటుంది. పెద్ద సన్నిధిలో ఉన్నప్పుడే భట్టరుని అడిగితే తాళంచెవి పట్టుకొచ్చే మనిషిని పంపిస్తారు. బయటికొచ్చి అడిగితే ఎవరూ పట్టించుకోరు.

అక్కడి నుంచి వెనక్కి వచ్చి ఏకామ్రేశ్వరుడి వైపు పోతే మధ్యలో కుమరకోట్టం. అమ్మకీ అయ్యకీ మధ్య కొడుకు, ఊరే సోమాస్కంద రూపం అన్నమాట. ఇక్కడి సుబ్రహ్మణ్యుడి చేతిలో జపమాల, కమండలం ఉంటాయి. ఓంకారానికి అర్థం చెప్పలేని బ్రహ్మని పక్కన పెట్టి సృష్టి తనే చేసిన రూపం. పావుగంట చాలు.

ఏకామ్రేశ్వరుడి దక్షిణ గాలిగోపురం దూరం నుంచే దారి చూపిస్తుంది. 59 మీటర్ల ఎత్తు, 1509లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది. పట్టాభిషేకమైన తొలినాళ్ళ పని. లోపలున్నది పృథ్వీలింగం, ఇసుకతో అయినది. లింగానికి నీళ్ళతో అభిషేకం చేయరు, పానవట్టానికే చేస్తారు. శ్రీకాళహస్తిలో వాయులింగం చూసి వచ్చేవాళ్ళకి ఇది పంచభూతలింగాల్లో రెండోది. లోపలి ప్రాకారంలో నిలాత్తింగళ్ తుండత్తాన్ అనే పెరుమాళ్ సన్నిధి ఉంది, ఆరో దివ్యదేశం. శివుడి ప్రాకారంలో విష్ణువు కదా, వరుస వరుసగా ఉన్న లింగాలు చూసుకుంటూ పోయేవాళ్ళు దాటిపోతారు. స్వామికి ఏకామ్రేశ్వరుడని పేరు తెచ్చిన మామిడిచెట్టు దగ్గర బయలు ప్రాకారం. 10:30 దాటితే రాళ్ళు కాలిపోతాయి. వెంట పెద్దవాళ్ళుంటే పొద్దునే సంచిలో నూలు మేజోళ్ళు పడేసుకోండి. కాళ్ళు కాలి విసుక్కోవడం మొదలైతే తర్వాతి గుడి ఎవరికీ రుచించదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఈ ఊళ్ళో ఏ పెద్ద గుడి దగ్గరైనా "స్పెషల్ సంకల్పం, గోత్రం చెప్పండి" అని దారికి అడ్డం వచ్చేవాళ్ళు ఉంటారు. గోత్రం చెప్పాక 500 అంటారు, దేవుడి ఎదుట కాదనలేక ఇచ్చేస్తాం. ఇది భక్తుల భయం మీద చేసే దోపిడీ. కౌంటరు దగ్గర బోర్డు మీద ధర రాసి ఉన్న టిక్కెట్టు తప్ప ఇంకేదీ కట్టాల్సిన పని లేదు. పళ్ళెంలో వేయడానికి పది రూపాయల నోట్లు ఒక కట్ట విడిగా పెట్టుకుంటే, 200 నోటు తీసి చిల్లర అడిగే ఇబ్బంది ఉండదు.

మధ్యాహ్నం ఖాళీలో కంచి ఇడ్లీ తినండి. మిరియాలు, జీలకర్ర, శొంఠి పడతాయి. వరదరాజస్వామికి నైవేద్యం పెట్టేది వెదురుబుట్టలో ఆకులు పరిచి, గంటలకొద్దీ ఆవిరి మీద ఉడికించిన పెద్ద దిమ్మ. హోటళ్ళలో గ్లాసుల్లో వేసి ఉడికిస్తారు. ఆకు వాసన తగిలే ఇడ్లీ కావాలంటే కోవిల్ ఇడ్లీ అని అడగాలి. చట్నీ లేకుండా మొదటి ముక్క తినండి, శొంఠి ఘాటు అప్పుడే తెలుస్తుంది.

చీర కొనాలంటే ఆటో దిగి గాంధీరోడ్డుకి మీ కాళ్ళతో మీరు వెళ్ళండి. చేనేత సహకార సంఘాల షాపులు ఉన్నాయి. డ్రైవరు వెంట వస్తే అతని వాటా మీ బిల్లులోనే ఉంటుంది. జరీ పోగు గోటితో గీకితే లోపల ఎర్రటి పట్టుదారం కనబడాలి, తెల్లదారమో రాగితీగో కనబడితే ఆ ధర పెట్టకండి.

4 తర్వాత కైలాసనాథ. ఊరికి పడమర చివర ఉంటుంది, దీనికి మాత్రం ఆటో కావాలి. ప్రవేశానికి టిక్కెట్టు లేదు. పల్లవ రాజసింహుడు 1300 ఏళ్ళ కిందట కట్టించిన ఇసుకరాతి గుడి. ప్రాకారం చుట్టూ 58 చిన్న గుళ్ళు, కొన్నింటి గోడల మీద పాత రంగుల చిత్రాలు ఇంకా మిగిలే ఉన్నాయి. కంచిని గెలిచిన చాళుక్య విక్రమాదిత్యుడు ఈ గుడి బంగారం ముట్టకుండా తిరిగి ఇచ్చేశానని కన్నడంలో చెక్కించిన శాసనం స్తంభం మీద ఉంది. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకి ఇరుకు సందు ఉంది, ఒక పక్క పాకుతూ దూరి ఇంకో పక్క తేలాలి. పునర్జన్మ ఉండదని నమ్మకం. ఒళ్ళు భారీగా ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మధ్యలో ఇరుక్కుంటారు, వాళ్ళు బయట దణ్ణం పెట్టుకుంటే చాలు. సాయంత్రం ఎండ వాలేకొద్దీ రాయి తేనెరంగుకి తిరుగుతుంది, దాన్ని చూస్తూ ఉండిపోవాలనిపిస్తుంది. వచ్చిన ఆటోని మాత్రం పంపించేయకండి, వెయిటింగ్‌కి ఎంతో ముందే మాట్లాడుకోండి. చీకటి పడ్డాక అటువైపు బళ్ళు దొరకడం కష్టం.