పర్లాకిమిడిలో ఉమ్మడి గోడ వెంట నాలుగు రోజులు

మా అమ్మమ్మ పుట్టిల్లు ఒడిశాలోని పర్లాకిమిడి. కోటకు దగ్గర్లో తొమ్మిది ఇళ్ళు గోడకు గోడ కలిపి కట్టిన వరుసలో మూడోది. మావాళ్ళు దాన్ని అమ్మేసి అరవై ఏళ్ళు దాటింది. ఆ వరుస ఎప్పుడు లేచిందో, అందులో ఎవరెవరు కాపురం చేశారో తెలుసుకోవాలని మొన్న డిసెంబరులో వెళ్ళాను. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఊరు నౌపడ-గుణుపురం రైలు మార్గం మీద ఉంది. 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు దారి ఇదే, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. రైళ్ళు తక్కువ. పాతపట్నం దాకా బస్సులో వచ్చి అక్కడ ఆటో ఎక్కడం సుఖం.

బస కోసం ఫోన్లో బుక్ చేసుకున్న హోటల్‌లో ఏసీ గది అని చెప్పి, తీరా వెళ్ళాక రోడ్డు వైపు మామూలు గది ఇచ్చారు. రాత్రంతా లారీల హారన్లే. మర్నాడు సందులో ఉన్న ఒక చిన్న లాడ్జికి మారాను. అద్దె తక్కువ, పొద్దున్నే బకెట్ వేడినీళ్ళు, మేనేజరు తెలుగాయన. కాగితాలు పరుచుకోవాలంటే తన బల్ల తెచ్చి గదిలో వేయించాడు. ఈ పనికి ఏసీ కంటే బల్లే ముఖ్యం, ముందే అడగండి.

ఇక ఇళ్ళు. ముందు వైపు వెడల్పు పన్నెండు అడుగులే, లోపలికి మాత్రం వంద అడుగుల పైనే. వీధి అరుగు, కర్ర స్తంభాలు, సావిడి, ఆకాశం కనిపించే చిన్న మండువా, నట్టిల్లు, వంటిల్లు, చివర పెరడు, నుయ్యి. పక్కలకి కిటికీలు పెట్టే వీలు లేదు కాబట్టి వెలుతురంతా మండువాలోంచే. వీధి తలుపూ పెరటి తలుపూ తీస్తే చాలు, గాలి ఈ చివర్నుంచి ఆ చివరికి పోతుంది. దూలాలు ఉమ్మడి గోడ మీద రెండు వైపుల నుంచీ ఆనతాయి. అందుకే ఒకరు ఇల్లు పడగొడితే పక్కవాళ్ళ ప్రాణం మీదకి వస్తుంది. ఐదో ఇంటివాళ్ళు పాతది తీసి మేడ కట్టుకున్నారు. ఆరో ఇంటి గోడ పైనుంచి కిందకి నెర్రె విచ్చి ఉంది. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

వయసు కట్టడానికి మొదట పెంకులు చూశాను. మంగళూరు పెంకు వెనక కంపెనీ ముద్ర ఉంటుంది. మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళ పెంకుల ఫ్యాక్టరీ మొదలైంది 1860ల్లో. కాబట్టి ఆ పెంకు ఉన్న కప్పు అంతకంటే పాతది కాదు. అయితే కప్పు వయసే ఇంటి వయసనుకోకూడదు. నాటు పెంకు దింపి తర్వాత ఇది వేయించి ఉండొచ్చు.

అసలు సంగతి దస్తావేజుల్లో దొరికింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. మా వరుసవి పాత అమ్మకం కాగితాలన్నీ తెలుగులోనే ఉన్నాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటో పుస్తకాన్నీ (ఇళ్ళు, భూముల దస్తావేజులు ఎక్కించేది) దాని సూచికల్నీ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. నేను వెళ్ళిన రిజిస్ట్రేషన్ కార్యాలయంలో మొదటి రోజు వెతికి పెట్టేవాళ్ళు లేరన్నారు. రెండో రోజు దొరికాయి గానీ, అక్కడి గుమాస్తాకి తెలుగు చదవడం రాదు. ఆయన పుస్తకం పట్టుకుంటే నేను పైకి చదివాను. వరుస ఇళ్ళకో గొప్ప సౌకర్యం ఉంది. దస్తావేజులో నాలుగు హద్దులూ రాస్తారు కదా, రెండు హద్దులు మామూలుగా పక్కిళ్ళే. ఒక్క కాగితంలో మూడు కాపురాల పేర్లు. మా ఇంటి కాగితం పోయినా రెండో ఇంటిదీ నాలుగో ఇంటిదీ దొరికితే మనవాళ్ళు అందులో ఉంటారు.

ఈ ఊళ్ళో పేరున్న కాపురస్థుడు గిడుగు రామమూర్తి పంతులుగారు. 1880లో బడిపంతులుగా వచ్చి, ఇక్కడే సవర భాష నేర్చుకుని, ఊరు ఒడిశాలో కలిసిన 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారు. మా వరుసలో ఆయన పేరు దొరకలేదు. దొరకాలని మాత్రం చాలా ఆశపడ్డాను.

మూడో రోజు ఆదివారం, కార్యాలయం సెలవు. బరంపురం వెళ్ళాను. అక్కడి నేత వీధుల్లోనూ ఇళ్ళు గోడకు గోడే. ముందుగదిలో గుంట మగ్గం, వెనక సంసారం. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రకి అమ్మవారిని పుట్టింటికని తీసుకొచ్చేది తెలుగు నేతగాళ్ళ వీధికే. వి.వి. గిరిగారు పుట్టిందీ ఈ ఊళ్ళోనే, 1894లో. బసకి, తిండికి పర్లాకిమిడి కంటే బరంపురం ఎంతో నయం. గోపాలపురం సముద్రం పక్కన ఉందామని చాలామంది సలహా ఇస్తారు. ఊళ్ళో పనుంటే వద్దు, రానూపోనూ సగం పూట పోతుంది.

సోమవారం నకళ్ళు తీసుకుని మళ్ళీ వరుస దగ్గరికి వెళ్ళాను. రెండో ఇంట్లో ఉండే మామ్మగారు అరుగు మీదే కూర్చుని ఉన్నారు. "ఏటి బాబూ, దొరికిందా?" అన్నారు. మా ఇంటి మొదటి దస్తావేజులో ఉత్తరం హద్దు "ఖాళీ స్థలం" అని ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాతి కాగితంలో అదే హద్దు "ఉమ్మడి గోడ" అయింది. అంటే మామ్మగారి ఇల్లు మా ఇంటి తర్వాత లేచింది. ఆవిడ సావిడిలో ఉమ్మడి గోడకి ఒక పెద్ద గూడు ఉంది, చుట్టూ సన్నటి కర్ర చట్రంతో. మొదటి రోజు అదేమిటో నాకు అర్థం కాలేదు. అది మా ఇంటి కిటికీ, అటువైపు నుంచి మూసేశారు.

ఆ సంగతి చెబితే మామ్మగారు లేచి వెళ్ళి చట్రాన్ని చేత్తో తడిమి చూసుకున్నారు. "మా అత్తగారు యాభయ్యేళ్ళు ఇందులో దీపం ఎట్టింది నాయనా. మీ కిటికీలో ఎట్టిందన్నమాట" అన్నారు.