ఎకిటికేనా, ఇసాకా? లివర్‌పూల్ వేసవి బేరాల్లో ఏది మేలు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ 2025 వేసవిలో ఇద్దరు స్ట్రైకర్లను (గోల్ కొట్టడమే పనైన ముందు వరస ఆటగాళ్లను) కొంది: ఎకిటికే, ఇసాక్. నాలాగే ఆ క్లబ్బును అభిమానించే తెలుగువాళ్లు ఈ మధ్య ఎక్కడ తగిలినా అడిగేది ఒక్కటే: "ఎకిటికే ఉండగా మళ్లీ ఇసాక్ ఎందుకన్నా?" 2025 డిసెంబర్ 20న టాటెన్‌హామ్ మ్యాచ్‌లో ఇసాక్ కాలు విరిగాక ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. కొందరు ఇంకాస్త ఇరకాటంలో పెడతారు. ఇద్దరిలో ఒక్కణ్నే కొనే వీలుంటే నువ్వు ఎవరివైపు?

నేను ఎకిటికే వైపు. కాలు విరిగింది కదా అని చెబుతున్న మాట కాదిది. గోల్ కొట్టే క్షణంలో టాటెన్‌హామ్ డిఫెండర్ వాన్ డి వెన్ వేసిన టాకిల్‌కి తగిలిన దెబ్బ అది. ఎవరికైనా తగలొచ్చు. దాన్ని నా లెక్కలో కలపను.

కాగితం మీద ఇసాక్‌దే పైచేయి, అందులో వాదన లేదు. 2024–25లో అప్పటి తన క్లబ్ న్యూకాసిల్ తరఫున ప్రీమియర్ లీగ్‌లోనే 23 గోల్స్ కొట్టాడు, అంతకు ముందు సీజన్లో 21. మార్చిలో వెంబ్లీలో కరాబావ్ కప్ (ఇంగ్లిష్ లీగ్ కప్) ఫైనల్ మనం ఓడినప్పుడు రెండో గోల్ అతనిదే. ఈ లీగ్‌లో నిలబడతాడా అన్న అనుమానం అక్కర్లేదు. గోల్ ముందు తొందరపడడు. ఒక్క టచ్ ఎక్కువ తీసుకుని గోల్‌కీపర్‌నే ముందు కదిలేలా చేస్తాడు. అది నేర్పితే వచ్చే విద్య కాదు.

ఎకిటికే దగ్గర అప్పటికి ఉన్నది జర్మనీ లీగ్ బుండెస్‌లీగాలో ఒక్క మంచి సీజన్: లీగ్‌లో 15 గోల్స్, అన్ని పోటీల్లో కలిపి 22. పారిస్ క్లబ్ పీఎస్‌జీలో కుదురుకోలేక జర్మనీ క్లబ్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి వెళ్లినవాడు. పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికాలో ఒక్క సీజన్ మెరుపులు చూసి 2022లో స్ట్రైకర్ నూన్యెజ్‌ను తెచ్చుకుని, మూడేళ్లు "వచ్చే ఏడు చూడండి" అని సర్దిచెప్పుకున్న మనకి మళ్లీ ఆ భయం కలగడం సహజమే. నాకూ కలిగింది.

ధరలు మీకు తెలుసు. ఎకిటికే జూలై 23న 69 మిలియన్ పౌండ్లకు వచ్చాడు, షరతులు నెరవేరితే మరో 10. ఇసాక్ విండో (క్లబ్బులు ఆటగాళ్లను కొనుక్కునే గడువు) మూసే రోజున 125 మిలియన్లకు. అప్పటిదాకా బ్రిటన్‌లో ఒక ఆటగాడి మీద ఏ క్లబ్బూ అంత పెట్టలేదు. మన డబ్బుల్లో దాదాపు 1,500 కోట్లు. లక్నో వాళ్లు పంత్‌కి 27 కోట్లు పెడితే వారం రోజులు మాట్లాడుకున్న జనం మనం!

ఈ కథలో న్యూకాసిల్ వాళ్లకు మింగుడుపడని మలుపు ఒకటుంది. జూలైలో మనవాళ్లు మొదట వాకబు చేసింది ఇసాక్ గురించే. అమ్మేది లేదన్నారు. అదే రోజుల్లో న్యూకాసిల్ ఎకిటికే కోసం ఫ్రాంక్‌ఫర్ట్‌తో బేరమాడుతోంది. ఆ ఆఫర్‌ని ఫ్రాంక్‌ఫర్ట్ ఒప్పుకోలేదు. మనవాళ్లు మధ్యలో దూరి కుర్రాణ్ని ఎగరేసుకొచ్చారు. సెప్టెంబర్ వచ్చేసరికి న్యూకాసిల్ దగ్గరున్నవాడూ, వాళ్లు తెచ్చుకోవాలనుకున్నవాడూ ఇద్దరూ మన మైదానం ఆన్‌ఫీల్డ్‌లోనే. వాళ్లు మనల్ని తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి, ఆ మాత్రం హక్కుంది.

ఇక నా లెక్కలో అసలు విషయం: సంతకం పెట్టిన తేదీ. ధర గురించి నెలల తరబడి కొట్టుకుంటాం. ఎప్పుడొచ్చాడన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ఈ ఇద్దరి మధ్య తేడా తెచ్చింది 56 మిలియన్లు కాదు, జూలై 23కీ సెప్టెంబర్ 1కీ మధ్య ఉన్న ఆ నలభై రోజులు.

ప్రీ-సీజన్ (సీజన్‌కు ముందు సన్నాహాలు) అంటే ఒళ్లు వంచి పరుగెత్తించడమే అనుకుంటారు చాలామంది. స్ట్రైకర్ అక్కడ నేర్చుకునేది వేరే ఉంటుంది. బంతి అవతలి గోల్‌కీపర్ దగ్గరున్నప్పుడు తను ఎప్పుడు ఉరకాలి, ఏ వైపు దారి మూయాలి. సలా కుడివైపు నుంచి లోపలికొస్తే తను ఏ చోటు ఖాళీ చేయాలి. సొబోస్లాయ్ పాస్ ఎప్పుడు వదులుతాడు, హ్రావెన్‌బెర్ఖ్ ఎప్పుడు వదలడు. ఇవి వీడియో వేసి చూపిస్తే వచ్చేవి కావు. పాయింట్లు లేని మ్యాచుల్లో తప్పులు చేస్తూ, తిట్లు తింటూ ఒంటికి పట్టించుకునేవి. సీజన్ మొదలైతే మూడు రోజులకో మ్యాచ్. మధ్యలో ఒక రోజు కోలుకోవడానికి, ఒక రోజు అవతలి జట్టు సంగతి చూసుకోవడానికి పోతుంది. కొత్తవాణ్ని కూర్చోబెట్టి నేర్పే తీరిక ఏ కోచ్‌కీ ఉండదు.

ఎకిటికే ఆసియా టూర్‌లోనే జట్టుతో కలిశాడు. ఆగస్టు 10న సీజన్ ఆరంభ మ్యాచ్ కమ్యూనిటీ షీల్డ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మీద నాలుగో నిమిషంలోనే గోల్. ఐదు రోజులకు బోర్న్‌మత్ మీద ఇంకోటి. 25న న్యూకాసిల్ సొంత మైదానంలో మరొకటి. ఆ రాత్రి మన పదహారేళ్ల కుర్రాడు ఎన్‌గుమోహా వందో నిమిషంలో గెలిపించాడు కాబట్టి దీన్ని అందరూ మర్చిపోయారు. సెప్టెంబర్‌లో ఎవర్టన్ మీద కొట్టాడు. సౌతాంప్టన్ మీద గెలుపు గోల్ కొట్టి, సంబరంలో చొక్కా విప్పి, రెండో ఎల్లో కార్డుతో బయటికీ పోయాడు. కుర్రతనం, ఏం చేస్తాం. డిసెంబర్‌లో లీడ్స్ మీద రెండు, బ్రైటన్ మీద రెండు, టాటెన్‌హామ్ మీద ఒకటి. ఆ మ్యాచ్ ముగిసేసరికి లీగ్‌లో ఎనిమిది.

అదే వేసవిలో ఇసాక్ ఏం చేస్తున్నాడు? న్యూకాసిల్‌తో ఆసియా వెళ్లలేదు. పాత క్లబ్ రియల్ సొసియెదాద్ మైదానంలో ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకున్నాడు. తిరిగొచ్చాక కూడా జట్టుకి దూరంగానే. ఆగస్టు 19న తనకిచ్చిన మాట తప్పారని బయటపెట్టాడు, అలాంటి మాటేదీ ఇవ్వలేదని క్లబ్ అంది. ఎవరి మాట నిజమో మనకి తేలదు, తేలక్కర్లేదు కూడా. మనకి కావాల్సిందల్లా ఒకటే: మే నెలాఖరు తర్వాత అతను న్యూకాసిల్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మన దగ్గరికొచ్చాడు. సెప్టెంబర్ 17న అట్లెటికో మీద మొదటిసారి దింపారు, గంటలోపే బయటికి తీసుకున్నారు. అక్టోబర్ 22న ఫ్రాంక్‌ఫర్ట్‌లో గజ్జల దగ్గర కండరం పట్టేసి హాఫ్ టైమ్‌కే ఆగిపోయాడు. కోలుకుని నవంబర్ 22న ఫారెస్ట్ మీద దిగితే సొంత మైదానంలో 0–3. లీగ్‌లో తొలి గోల్ నవంబర్ 30న, వెస్ట్‌హామ్ మీద. అదను దాటాక వేసిన పంటలా ఉంది వ్యవహారం, విత్తనం ఎంత మేలిదైతే ఏం లాభం?

ప్రీ-సీజన్ లేదు, ఓపిక పట్టండని అప్పటి కోచ్ స్లాట్ మొదటి నుంచీ చెబుతూనే వచ్చాడు. నిజమే. కానీ ఓపిక పడుతున్న ఆ నెలల్లోనే జట్టు కుప్పకూలింది. మొదటి ఐదు లీగ్ మ్యాచులూ గెలిచి, తర్వాతి ఏడింటిలో ఆరు ఓడాం. కండిషన్ కోసం ఇసాక్‌ని ఆడించాలి, పాయింట్ల కోసం ఎకిటికేని ఆడించాలి. ఒక్కో వారం ఒక్కో జట్టు. కొత్తవాడు రాకముందు కుదురుతున్న అమరిక కూడా చెదిరింది. ఆలస్యంగా వచ్చినవాడు తన సమయం ఒక్కటే కాదు, పక్కవాడి సమయం కూడా తింటాడు. ఈ ముక్క దగ్గర నాతో ఎవరు వాదించినా నేను తగ్గను.

"మరి విర్ట్జ్ సంగతేంటి?" అంటారని తెలుసు. అదే వేసవిలో కొన్న మిడ్‌ఫీల్డర్ అతను. జూన్‌లోనే వచ్చాడు, 100 మిలియన్లు, పైన మరో 16. ప్రీ-సీజన్ మొత్తం ఉన్నాడు. అయినా లీగ్‌లో తొలి గోల్ డిసెంబర్ 27న ఉల్వ్స్ మీద దాకా రాలేదు. జూన్‌లోనే వచ్చిన డిఫెండర్ కెర్కెజ్ కూడా మొదటి రెండు నెలలు తడబడ్డాడు. ఒప్పుకుంటాను, ముందే వచ్చినంత మాత్రాన అన్నీ కుదరవు. విర్ట్జ్‌ని ఒక వారం నడిమధ్య, ఒక వారం ఎడమవైపు ఆడించారు, చుట్టూ ఉన్నవాళ్లలో సగంమంది కొత్తే. కానీ ఒకటి గమనించండి. విర్ట్జ్ తడబడుతున్నప్పుడు కూడా మైదానంలోనే ఉన్నాడు, వారం వారం ఆట మెరుగైంది. ఇసాక్‌కి తడబడే అవకాశం కూడా సరిగ్గా దొరకలేదు.

ఇద్దర్నీ కొనాల్సిందేనన్న వాదనలోనూ బలముంది. జూలై 3న మన ఫార్వర్డ్ డియోగో జోటా, తమ్ముడు ఆండ్రే కారు ప్రమాదంలో పోయారు. ఆ దుఃఖంలో ఆ డ్రెస్సింగ్ రూమ్ ఎలా గడిపిందో బయటివాళ్లం ఊహించలేం. తర్వాత దియాజ్ బాయర్న్‌కి, నూన్యెజ్ అల్ హిలాల్‌కి వెళ్లారు. ముందు వరస ముగ్గురు ఖాళీ అయితే ఒక్క ఎకిటికేతో సీజన్ ఎలా లాగుతారు? సరైన ప్రశ్నే. దానికి జవాబు ఇంకొక ఫార్వర్డ్, అంతేగానీ 125 మిలియన్ల ఫార్వర్డే కానక్కర్లేదు.

పద్దు కూడా చూద్దాం. ప్రీమియర్ లీగ్‌లో ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ ఖర్చుని గరిష్ఠంగా ఐదేళ్లకే పంచి రాసుకోవాలి, కాంట్రాక్ట్ ఆరేళ్లున్నా సరే. అంటే పుస్తకాల్లో ఇసాక్ ఏడాదికి 25 మిలియన్లు, ఎకిటికే దాదాపు 14 మిలియన్లు. ఆగితే ధర దిగిందా అంటే అదీ లేదు. ఆగస్టు 1న మనవాళ్లు ఇస్తామన్నది 110, న్యూకాసిల్ కాదంది. నెల ఆగి మరో 15 కలిపి ఇచ్చారు. నెల పోయింది, డబ్బూ పోయింది. మన కొనుగోళ్లు చూసిన రిచర్డ్ హ్యూస్‌ని పూర్తిగా తప్పుపట్టలేను, ఇసాక్ స్థానంలో మనిషి దొరికేదాకా న్యూకాసిల్ వదలదు, ఆ తాళంచెవి మన చేతిలో లేదు. ఆ మనిషి, వోల్టమాడ, వాళ్లకి ఆగస్టు 30న గానీ దొరకలేదు. కానీ తాళంచెవి మన చేతిలో లేని బేరంలోకి అంత సొమ్ముతో దిగడం మాత్రం మన నిర్ణయమే.

ఆ వేసవిలో మారిన మిగతా స్ట్రైకర్ల పేర్లు అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. యోకెరెస్ ఆర్సెనల్‌కి వెళ్లాడు, 27 ఏళ్ల వయసులో మన పద్ధతికి సరిపడే కొనుగోలు కాదు. షెష్కో మాంచెస్టర్ యునైటెడ్‌కి, ఇంకా పచ్చికాయ. ఒసిమెన్‌ని టర్కీ క్లబ్ గలతసరాయ్ తీసుకుంది, సెప్టెంబర్ 30న పెనాల్టీతో మనల్నే ఓడించాడు. అంతకు మించి చెప్పేదేమీ లేదు.

ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగాలి: మార్క్ గ్వేహి. అప్పటి ప్యాలెస్ కెప్టెన్, డిఫెండర్. 35 మిలియన్లకు మాట కుదిరింది, మెడికల్ (వైద్య పరీక్ష) కూడా నడుస్తోంది. సెప్టెంబర్ 1 రాత్రి, మన టైములో 11:30కి విండో మూసుకోవాలి. ప్యాలెస్ తన స్థానంలో తెచ్చుకోవాలనుకున్న డిఫెండర్ వెస్ట్‌హామ్‌కి వెళ్లిపోవడంతో వాళ్లు వెనక్కి తగ్గారు. ఇసాక్ వచ్చిన సంబరంలో ఆ రాత్రి దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మూడు వారాలకి, డిఫెన్స్ కోసం తెచ్చిన పద్దెనిమిదేళ్ల లియోనికి తొలి మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంట్ తెగింది. ఇక మిగిలింది 34 ఏళ్ల వాన్ డైక్, నిలకడ లేని కొనాటే. కార్నర్లు, త్రోలు, ఫ్రీకిక్‌ల మీద మనం తిన్న గోల్స్ గురించి వేరే చెప్పాలా? ఆరు ఓటముల్లో గోల్స్ కొట్టలేక ఓడినవాటికన్నా తిన్న తీరు చూసి తల పట్టుకున్నవే ఎక్కువ.

ఎకిటికే 69, గ్వేహి 35, కలిపి 104. ఇసాక్ ఒక్కడికి పెట్టినదానికంటే 21 తక్కువ. ఇద్దర్నీ జూలైలో తెచ్చి ఆసియా విమానం ఎక్కించి ఉంటే! నేను కొనేవాణ్నయితే కొనేది ఇదే, మిగిలిన సొమ్ముతో ఒక మోస్తరు ఫార్వర్డ్.

అలాగని ఇసాక్ పని అయిపోయిందని నేననను. ఫిట్‌గా ఉన్న ఇసాక్ ఎకిటికే కంటే మెరుగైన స్ట్రైకర్ అని ఈరోజుకీ నా అభిప్రాయం. చిక్కల్లా 2026 వేసవితోనే. ప్రపంచ కప్ జూన్ 11 నుంచి జూలై 19 దాకా. 2025 చివర్లో లెక్క ఇది: ఫ్రాన్స్ ఉంది కాబట్టి ఎకిటికేకి పిలుపు రావొచ్చు, స్వీడన్ ప్లే-ఆఫ్ (అర్హత కోసం ఆడే చివరి మ్యాచులు) గట్టెక్కితే ఇసాక్ కూడా వెళ్తాడు. అప్పుడు ఇద్దరికీ ప్రీ-సీజన్ సగమే.

ఇక 2026 జనవరి విండో. అప్పటికి గ్వేహి కాంట్రాక్ట్ ఆ జూన్‌తో అయిపోవాల్సి ఉంది, కొనాటేదీ అంతే. డిఫెండర్ని తెచ్చేదుంటే మొదటి వారంలోనే తేవాల్సింది, ఫిబ్రవరి 2 రాత్రి దాకా కూర్చునే పని కాదు.