అమ్మకానికి లేని ఇంటిని మన తరఫున అడిగే సర్వీసు: ఉత్తరానికి పూర్తి మార్కులు, ఫోన్లకి సున్నా

మా నాన్నకి చక్రాల కుర్చీ తప్పనిసరి అయ్యాక మాకు ఎలాంటి ఇల్లు కావాలో తేలిపోయింది. గడప దగ్గర మెట్టు ఉండకూడదు, బాత్రూమ్ తలుపులోంచి కుర్చీ పట్టాలి, మా అక్క ఇంటికి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండాలి. అక్కవాళ్ల వీధిలో అలాంటి ఇళ్లు మూడున్నాయి. ఒక్కటీ అమ్మకానికి లేదు. అందుకే ఈ సర్వీసు పెట్టుకున్నాం. ఇలాంటి పని చేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి పేరు కన్నా పనితీరు గురించే రాస్తున్నాను.

మనకి నచ్చిన ఇళ్ల చిరునామాలిస్తే చాలు. రికార్డుల్లో ఎవరి పేరుందో, ఎంతమంది వాటాదారులో, తనఖా ఉందో లేదో ముందు చూస్తారు. ఆ తర్వాతే యజమానిని కదిలిస్తారు. మా మూడింట్లో ఒకటి అక్కడే ఆగిపోయింది. పెద్దాయన పోయాక ఆ ఇల్లు అన్నదమ్ముల పేర్ల మీదికి వచ్చిందట, వాళ్లలో వాళ్లకే ఇంకా తేలలేదట. "అందరి సంతకాలూ ఉంటేనే అమ్మకం. ఒక్కరు కాదన్నా మీ అడ్వాన్స్ ఇరుక్కుపోతుంది, దీన్ని వదిలేద్దామండీ" అన్నారు మా కోఆర్డినేటర్. కమిషన్ కోసం ఆశపెట్టి లాగేవాళ్లు కాదని అప్పుడే నమ్మకం కుదిరింది.

అసలు గొప్పతనమంతా ఉత్తరంలో ఉంది. యజమానులకి మామూలుగా వచ్చే కాగితాలు కొన్ని మా కోఆర్డినేటర్ నా ముందు పరిచారు. 'అత్యధిక ధర, తక్షణ చెల్లింపు, వెంటనే సంప్రదించండి.' అన్నీ ఒకే అచ్చు. ఇవి చూసినవాళ్లకి మోసమేమోనన్న భయమే ముందు కలుగుతుందని చెప్పి, నా చేత్తో నన్నే రాయమన్నారు. ఒక పేజీ దాటొద్దన్నారు. మేమెవరం, ఈ ఇల్లే ఎందుకు, ధర ఎలా తేల్చుకుందాం అన్నవి ఉండాలి. అంకె మాత్రం వద్దన్నారు. తక్కువనిపిస్తే అవమానంలా ఉంటుంది, బాగుందనిపిస్తే బేరం అక్కణ్నుంచే పైకి పోతుంది. చివర్న ఈ మాటలు తప్పకుండా ఉండాలన్నారు: 'మీకు ఇష్టం లేకపోతే జవాబివ్వాల్సిన పనే లేదు. మళ్లీ అడగం. ఎప్పుడైనా అమ్మాలనిపిస్తే ముందు మాకో మాట చెప్పండి, చాలు.'

ఆ ఉత్తరం అందుకున్న పెద్దావిడ మమ్మల్ని ఇంటికి పిలిచారు. కూర్చోగానే కళ్లజోడు పెట్టుకుని, వేలు తడిచేసి నా సంతకం మీద రుద్దారు. సిరా వేలికి అంటింది. "నిజంగా చేత్తోనే రాశావన్నమాట" అని కాగితం మడిచి పక్కన పెట్టి, మొట్టమొదట అడిగింది ధర గురించి కాదు. "మీ నాన్నగారికి ఎన్నాళ్లనుంచమ్మా ఇలా?" అన్నారు. ఆ ఇంట్లో మెట్లు లేకపోవడానికి కారణం ఆవిడ అత్తగారు. ఆవిడ కోసమే అలా కట్టించారట.

రెండో ఇంటి విషయంలో మాత్రం ఈ సర్వీసు మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. ఆయన మర్యాదగా, అమ్మే ఉద్దేశం లేదని రాసి పంపారు. అంతటితో వదిలెయ్యాలి. కానీ ఫోన్ల విభాగంలో ఎవరో ఆయన నంబరు పట్టుకుని మళ్లీ మళ్లీ చేశారు. ఆయన మా అక్కని వీధిలో ఆపి, "మీ చెల్లెలికి చెప్పండమ్మా, అమ్మనని రాసిచ్చాక కూడా ఈ ఫోన్లేంటి?" అని నిలదీశారు. మళ్లీ అడగనని నా సంతకంతో మాటిచ్చాను నేను, తప్పింది వాళ్లు. పైగా ఈ పనిలో ఇవాళ కాదన్నవాళ్లే పిల్లలు వేరే చోట స్థిరపడ్డాకో, ఇల్లు చూసుకునే ఓపిక తగ్గాకో తామే కబురు పెట్టొచ్చు. ఆ దారి మాకు మూసుకుపోయింది.

ధర దగ్గర పెద్దావిడ చెప్పిన అంకెకీ మేమనుకున్నదానికీ చాలా దూరం ఉంది. అది అత్యాశ కాదు. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి ఉత్తినే కాఫీ మగ్గులిచ్చి ఎంతకి అమ్ముతారని అడిగారు. మగ్గు లేనివాళ్లు పెడతామన్నదానికి రెండింతలకి పైనే అడిగారట. కాసేపటి క్రితం చేతికొచ్చిన మగ్గుకే అంత మమకారమైతే, భర్త దగ్గరుండి కట్టించిన ఇంటికి ఎంత ఉండాలి? కోఆర్డినేటర్ బేరమాడించలేదు. పెద్దావిడ ఎంచుకున్న వాల్యుయర్ (ఇంటి విలువ కట్టేవారు) ఒకరు, మేం ఎంచుకున్నవారు ఒకరు లెక్కగట్టి, రెండింటికీ మధ్య ధర తీసుకునేలా ఒప్పించారు. ఆవిడ కూతుర్ని కూడా కూర్చోమన్నారు, సొంత లాయర్ని పెట్టుకోమని ఆవిడకి గట్టిగా చెప్పారు. ఫీజు ఇచ్చేది మేమైనా అవతలి మనిషి నష్టపోకుండా చూడటం నాకు నిజంగా నచ్చింది.

లోను తీసుకునేవాళ్లకి ఒక మాట. బ్యాంకు తన వాల్యుయర్‌ని విడిగా పంపుతుంది. మీరు ఒప్పుకున్న ధర ఎక్కువై వాళ్ల విలువ తక్కువైతే, లోను సాధారణంగా ఆ తక్కువదాని మీదే లెక్కేస్తారు, తేడా మన చేతినుంచే పడుతుంది. అందుకే టైటిల్ (ఇంటి మీద యాజమాన్య హక్కు) సరిగ్గా ఉంటేనే, ఇంటి తనిఖీలో పెద్ద లోపాలు లేకపోతేనే, లోను మంజూరైతేనే కొంటామని మా అగ్రిమెంట్లో రాయించారు. అడ్వాన్స్ కూడా ఆవిడ చేతికివ్వకుండా లాయర్ దగ్గర ఉంచారు.

ఆవిడ మనసులో ఉన్న అసలు బెంగ ధర కాదు, ఎక్కడికి వెళ్లాలన్నదే. ఇల్లు చూసుకుంటేగానీ అమ్మలేరు, అమ్మితేగానీ చేతికి డబ్బు రాదు. దానికి వీళ్లు చూపిన మార్గం నాకు ముందు తెలియదు. రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా ఆవిడ కొన్నాళ్లు అదే ఇంట్లో అద్దెకుంటారు. ఎప్పటిదాకా, అద్దె ఎంత, మరమ్మతులెవరివి అన్నీ కాగితం మీదే. ఈ ఏర్పాటు చెప్పిన రోజే ఆవిడ సరేనన్నారు.

ఈ సర్వీసు తీసుకోవచ్చు, నేనైతే మళ్లీ తీసుకుంటాను. కానీ సంతకం పెట్టేముందు రెండు షరతులు రాయించుకోండి. ఫీజు అమ్మకం ధరలో శాతంగా కాకుండా ఒకే మొత్తంగా ఉండాలి, లేకపోతే మనం ఎక్కువ పెట్టి కొన్నకొద్దీ వాళ్లకి లాభం. మాకైతే అడగ్గానే మార్చారు. రెండోది, వద్దన్న యజమానికి వాళ్లనుంచి మళ్లీ ఫోను వెళ్లకూడదు. మా ఫిర్యాదు తర్వాత ఇది తమ ఫారంలోనే చేర్చామని కోఆర్డినేటర్ చెప్పారు. అచ్చులో ఉందో లేదో చూసుకునే సంతకం పెట్టండి.