మృగమా, నీలిగడ్డమా?

మొన్న సాయంత్రం వైజాగ్ ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుని మా చెల్లి అడిగింది: “అక్కా, డార్క్ రొమాన్స్, అదే ప్రమాదకరమైన హీరోలుండే ప్రేమనవలలు, చదవడం మొదలుపెడదామనుకుంటున్నా. ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ని తిరగరాసినవి ముందు చదవనా, ‘బ్లూబియర్డ్’ని తిరగరాసినవా?”

మొదటివే చదవమన్నాను. 1756లో ఫ్రెంచ్ రచయిత్రి బోమాంట్ రాసిన ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ కథలో మృగం తన కోటలో ఉన్న అమ్మాయిని రోజూ రాత్రి ‘నన్ను పెళ్లి చేసుకుంటావా’ అని అడుగుతాడు. ఆమె కాదంటుంది. అతని నిట్టూర్పుకి కోటంతా మార్మోగుతుంది, అయినా వెళ్లిపోతాడు. ఇప్పటి నవలల్లో అతను మాఫియా డాన్ కావచ్చు, కోటీశ్వరుడు కావచ్చు. ఆమె ‘వద్దు’కి విలువ ఉందా లేదా అన్నదే నేను చూస్తాను. అది లేకపోతే మిగిలేది బందిఖానాయే.

బ్లూబియర్డ్, అంటే నీలిగడ్డంవాడి కథ, వేరు. ఫ్రెంచ్ రచయిత పెరో 1697లో అచ్చువేసింది. తెరవకూడని గది, అందులో అతని చనిపోయిన భార్యలు, నెత్తురంటిన తాళంచెవి. కొత్త భార్య ఆ తాళంచెవిని ఇసకతో తోముతుంది. ఒకవైపు మరక పోతే రెండోవైపు తేలుతుంది. అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మూలకథలో ఆ భర్త చస్తాడు, ఆమె బతుకుతుంది. అలాంటివాణ్ణి హీరోని చేస్తే నాకు మింగుడుపడదు. థ్రిల్లర్‌గా రాస్తే మాత్రం ఒక్క రాత్రిలో చదివేస్తాను.