మాస్టడాన్ సర్వర్ మీడియాకు క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2: ఎక్కడ ఆదా, ఎక్కడ దండగ

ఎవరికి వారు సొంత సర్వర్ పెట్టుకుని నడుపుకోగల సోషల్ నెట్‌వర్క్ మాస్టడాన్. దాని సర్వర్‌లో డిస్కు సింహభాగం తినేది బయటి సర్వర్ల నుంచి వచ్చి పడే ఫొటోలు, వీడియోల కాపీలే. సభ్యులు పెరిగేకొద్దీ ఆ కాపీల గుట్ట, అంటే క్యాషే, ఉబ్బిపోతుంది. దాన్ని వీపీఎస్ (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) డిస్కు మీంచి దించి పెట్టుకోవడానికి క్లౌడ్‌ఫ్లేర్ వారి ఆన్‌లైన్ స్టోరేజీ ఆర్2 నిక్షేపంలాంటి చోటు, కాస్త జాగ్రత్తగా వాడితే.

జీబీకి నెలకు 0.015 డాలర్లు, మొదటి 10 జీబీ ఉచితం. అంటే 500 జీబీకి 7.35 డాలర్లు. అమెజాన్ వారి ఇలాంటి స్టోరేజీ ఎస్3లో, ముంబయి కేంద్రంలో అదే 12.50. అసలు దెబ్బ తగిలేది డౌన్‌లోడ్‌ల దగ్గర. ముంబయి నుంచి బయటికి పోయే జీబీకి 0.1093 డాలర్లు. నెలకు 1,000 జీబీ పోతే, ఉచితంగా ఇచ్చే 100 తీసేసినా 98 డాలర్లు దాటుతుంది. ఆర్2లో ఆ పద్దే లేదు. ఫైళ్లు రాయడానికి పది లక్షల రిక్వెస్టులకు 4.50, డిలీట్‌కు సున్నా.

అరుదుగా తెరిచే ఫైళ్ల కోసం ఆర్2లో ఉన్న ఇన్‌ఫ్రీక్వెంట్ యాక్సెస్ క్లాసు జీబీకి 0.01 డాలర్లకే వస్తోంది కదా అని క్యాషేని అందులో పెట్టకండి. అక్కడ కనీసం 30 రోజుల అద్దె కట్టాల్సిందే. వారానికే తుడిచేసే ఫైలుకు మామూలు క్లాసు కన్నా దాదాపు మూడింతలు పడుతుంది.

తుడిచే పని మాస్టడాన్‌కే వదలాలి. అడ్మిన్ సెట్టింగుల్లో మీడియా క్యాషే గడువు 7 రోజులు పెట్టండి. పక్కనే ఉండే బయటి పోస్టుల గడువు గడిని మాత్రం ఖాళీగా ఉంచండి. అది సభ్యులు బుక్‌మార్క్ చేసుకున్న పోస్టుల్ని కూడా తీసేస్తుంది, అవి మళ్లీ రావు. ప్రొఫైల్ ఫొటోలు ఈ గడువుకు లొంగవు. వాటికి మాస్టడాన్ కమాండ్ పనిముట్టు టూట్‌సీటీఎల్‌లో మీడియా రిమూవ్‌కు ప్రూన్ ప్రొఫైల్స్ జోడించి (tootctl media remove --prune-profiles) విడిగా నడపాలి. ఆర్2 బకెట్‌లో (ఫైళ్లుండే అరలో) లైఫ్‌సైకిల్ రూలు, అంటే గడువు దాటితే వాటంతటవే చెరిగిపోయే నియమం, రాసి తుడిస్తే ఆ సంగతి మాస్టడాన్ డేటాబేస్‌కు తెలియదు, టైమ్‌లైన్ నిండా విరిగిన బొమ్మలు మిగులుతాయి.

ఆర్2 ఇచ్చే డెవలప్‌మెంట్ అడ్రసుకు (r2.dev) రేట్ లిమిట్ ఉంది, రిక్వెస్టులు ఎక్కువైతే ఆపేస్తుంది. సొంత సబ్‌డొమైన్ మొదటి రోజే తగిలించండి, ఆ డొమైన్ క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉండాలి. తర్వాత మారిస్తే పాత లింకులు దాచుకున్న సర్వర్లలో మీ బొమ్మలు తెరుచుకోవు.

పాత డిస్కు నుంచి తరలించేటప్పుడు ఫైళ్లు కాపీ చేసే పనిముట్టు ఆర్‌క్లోన్‌తో మొత్తం కాపీ చేసి, సెట్టింగు మార్చి, వెబ్‌తో పాటు మాస్టడాన్ తెరవెనుక పనులు చేసే సైడ్‌కిక్‌నూ రీస్టార్ట్ చేసి, మళ్లీ ఒకసారి కాపీ నడపండి. సైడ్‌కిక్‌ను మరిచిపోతే అది పాత డిస్కు మీదే రాస్తూ పోతుంది.