ది నేమ్ ఆఫ్ ది రోజ్: 1327లో తప్ప జరగలేని నేరం

చారిత్రక క్రైమ్ నవలకు ఒక పరీక్ష ఉంది. కథను ఇంకో శతాబ్దంలోకి మార్చినా నేరమూ ఆధారాలూ చెక్కుచెదరకపోతే, అందులో చరిత్ర వట్టి అలంకారమే. ఉంబెర్టో ఎకో 1980లో ఇటాలియన్‌లో ప్రచురించిన ఈ నవల ఆ పరీక్షలో పూర్తిగా నెగ్గుతుంది.

1327 నవంబరు చివరి వారం. ఉత్తర ఇటలీ కొండల మీద ఒక మఠంలో సన్యాసులు ఒకరి తర్వాత ఒకరు చనిపోతుంటారు. పరిశోధకుడు విలియం అనే ఫ్రాన్సిస్కన్ (పేదరికాన్ని వ్రతంగా పాటించే క్రైస్తవ సన్యాసి), కథ చెప్పేది అతని కుర్ర శిష్యుడు అడ్సో.

రెండో రోజు విలియం కళ్లద్దాలను ఎవరో కాజేస్తారు. ఇటలీలో కళ్లద్దాలు పుట్టి అప్పటికి నలభై ఏళ్లే, ఇంకో జత అంత తేలిగ్గా దొరకదు. హతుల్లో ఒకడు సన్నటి గ్రీకు అక్షరాల్లో రాసుకున్న కాగితం చేతిలోనే ఉన్నా నాలుగో రోజుదాకా చదవలేడు. ఆ కాలపు వస్తువే దర్యాప్తును ఆపేస్తుంది. చరిత్రను కథకు ఇలా పనికొచ్చేట్టు వాడినవాళ్లు చాలా తక్కువ.

నత్తనడక మాత్రం నిజం. చర్చి ద్వారం మీది శిల్పాల వర్ణన పేజీలకు పేజీలు సాగుతుంది. అయినా దాన్ని దాటేయకండి, ఆ బొమ్మల్లోని ప్రళయ చిత్రాలు తర్వాత హత్యల వరుసకు పనికొస్తాయి. అసలు బరువు మూడో రోజు రాత్రి ఉబెర్టినో అనే ముసలి ఫ్రాన్సిస్కన్ చెప్పే, మతద్రోహిగా ముద్రపడిన డోల్చినో చరిత్ర. విషయం ఆసక్తికరమే గానీ, అంతసేపూ దర్యాప్తు అంగుళం కదలదు.

మొదలుపెట్టే ముందు రెండు సంగతులు తెలుసుకుంటే సగం గందరగోళం తీరుతుంది. 1309 నుంచి ఆ కాలంలో పోప్ ఉండేది రోమ్‌లో కాదు, ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో. క్రీస్తుకు, ఆయన శిష్యులకు సొంత ఆస్తి లేదనడం మతద్రోహమని 1323లో 22వ జాన్ పోప్ ప్రకటించాడు. మఠంలో పోప్ ప్రతినిధులకూ ఫ్రాన్సిస్కన్లకూ మధ్య జరిగే వాదమంతా దీని చుట్టూనే. అధ్యాయాల పేర్లు ప్రార్థనా వేళలు: మాటిన్స్ అంటే తెల్లవారుజామున మూడుకు కాస్త ముందు, వెస్పర్స్ సూర్యాస్తమయ వేళ, కాంప్లైన్ సుమారు ఆరు గంటలకు.

పాత్రల్లో పెద్ద లోపం బెర్నార్డ్ గీ. చరిత్రలో ఇతను నిజంగానే మత విచారణాధికారి, కానీ 1324 నుంచి ఫ్రాన్స్‌లోని లొదేవ్‌కు బిషప్‌గా ఉన్నాడు. అతను వేసిన శిక్షల్లో మరణదండన చాలా తక్కువ భాగమే. నవలలో మాత్రం ముందే తీర్పు రాసుకొచ్చిన క్రూరుడిలా కనిపిస్తాడు. విచారణ ఘట్టం వణుకు పుట్టిస్తుంది, కాదనలేం. కానీ మిగతా పుస్తకమంతా సందేహాన్ని గౌరవించిన రచయిత ఇక్కడ మాత్రం సులువైన విలన్‌తో సరిపెట్టుకున్నాడు. కథలో ప్రాధాన్యమున్న ఒకే ఒక్క స్త్రీకి పేరు కూడా లేదు. మఠం కథ కాబట్టి స్త్రీలు ఎక్కువగా లేకపోవడం సహజమే, అయినా ఆమెకు సొంత గొంతు లేకపోవడం లోటే.

విలియం వీవర్ ఆంగ్లానువాదం హాయిగా చదివిస్తుంది. లాటిన్ వాక్యాలు చాలావరకు అనువాదం లేకుండా అలాగే ఉంటాయి. చదివేటప్పుడు వాటి దగ్గర ఆగొద్దు, దర్యాప్తుకు కావలసినవాటిని సంభాషణలే విప్పుతాయి.