మనుషుల ఫొటోలకు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్: నాలుగేళ్ల వాడకం తర్వాత

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ తర్వాత ఏం కొనాలని ఎవరిని అడిగినా 50 ఎంఎం ఎఫ్/1.8 పేరే చెబుతారు. సలహాలో తప్పు లేదు. కాకపోతే మనుషుల ఫొటోల కోసం కొన్నవాళ్లకు మొదటి నెలలో చాలా ఫొటోలు పాడవుతాయి, ఎందుకు పాడవుతాయో మాత్రం ఎవరూ చెప్పరు. క్రాప్ సెన్సర్ (పాత ఫిల్ము ముక్కంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాకు తగిలించి ఒడిశాలోని బరంపురం ఇళ్లలో, బడా బజార్ సందుల్లో, గోపాల్‌పూర్ ఇసుకలో నాలుగేళ్లు వాడాక తేలిన సంగతులివి.

ముందు దూరం. క్రాప్ సెన్సర్ మీద ఇది ఫుల్ ఫ్రేమ్‌లో 75, 80 ఎంఎం లెన్స్ చూపించినంత మేరే చూపిస్తుంది. కెమెరా నిలువుగా పట్టుకుంటే తలా భుజాలకు సుమారు మీటరున్నర, నడుము దాకా రెండు మీటర్లు కావాలి. మనిషి నిలువెత్తు రావాలంటే నాలుగు మీటర్ల పైనే వెనక్కి జరగాలి. పదడుగుల గదిలో గోడకు వీపు ఆనించినా పాదాలు ఫ్రేములోకి రావు. పెళ్లింట్లో పదిమందిని వరుసగా నిలబెట్టారా, కిట్ లెన్సే గతి. ఆ దూరం వల్ల మేలూ ఉంది. కిట్ లెన్సును 18 దగ్గర పెట్టి మొహంలోకి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. తప్పు లెన్సుది కాదు, మరీ దగ్గరికి వెళ్లడానిది. ఈ లెన్స్ మిమ్మల్ని ఎలాగూ దగ్గరికి వెళ్లనివ్వదు.

ఇక అందరూ పడే గొయ్యి, ఎఫ్/1.8. ఇది ఎపర్చర్, అంటే లెన్స్ లోపలి కంత కొలత. అంకె తగ్గేకొద్దీ కంత పెద్దదవుతుంది, స్పష్టంగా వచ్చే మందం తగ్గుతుంది. మీటరున్నర దూరంలో ఆ ఎపర్చర్ దగ్గర స్పష్టంగా వచ్చేది మొత్తం ఆరు సెంటీమీటర్ల మందమే. మీటరు దూరంలో మూడు కూడా ఉండదు. మొహం కాస్త పక్కకు తిప్పితే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసగ్గా వస్తుంది. కెమెరా వెనక చిన్న తెరలో అంతా బాగున్నట్టే ఉంటుంది, కంప్యూటర్‌లో చూస్తే గాని బయటపడదు. ఒక్కరిని తీస్తుంటే ఎఫ్/2.8, పక్కపక్కనే ఇద్దరుంటే ఎఫ్/4. మీటరున్నరలో ఎఫ్/4 పధ్నాలుగు సెంటీమీటర్లు ఇస్తుంది, ముక్కు కొస నుంచి చెవి దాకా సరిపోతుంది. వెనకాల మసక పోతుందేమోనన్న బెంగ వద్దు. మనిషిని గోడకు ఆనించకుండా మూడు, నాలుగు మీటర్లు ముందుకు తీసుకొస్తే ఎఫ్/2.8లోనూ వెనక భాగం మెత్తగా కరిగిపోతుంది.

ఫోకస్ పాయింట్ ఎంపిక కెమెరాకు వదలకండి. ఒక్క పాయింటే పెట్టుకుని, మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉంచండి. మధ్య పాయింటుతో కంటిని పట్టి, ఆనక ఫ్రేము జరపడం కిట్ లెన్సుతో చెల్లుతుంది గాని ఇక్కడ ఆ జరుపులోనే ఫోకస్ తప్పుతుంది. కళ్లజోడు ఉంటే ఫోకస్ ఆ జోడు ఫ్రేము మీదే ఆగిపోతుంది, ఒకటికి నాలుగు తీసుకోండి. మసక వెలుతురులో లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటే బొట్టు అంచు మీద పెడితే చప్పున పట్టుకుంటుంది. బొట్టు కంటికంటే కాస్త ముందుంటుంది కాబట్టి ఈ చిట్కా ఎఫ్/2.8 నుంచే పనికొస్తుంది.

ఈ రకం చవక లెన్సుల్లో చేతి వణుకును ఆపే ఏర్పాటు సాధారణంగా ఉండదు. లెక్క ప్రకారం షటర్ వేగం 1/80 సెకను చాలు, కానీ ఎదుట ఉన్నది బొమ్మ కాదుగా. మాట్లాడుతున్న మనిషికి 1/200, పిల్లలకు 1/500. ఐఎస్‌ఓ (వెలుతురును సెన్సర్ పట్టే సున్నితత్వం) 1600కు పోయినా పరవాలేదు. గరుకును తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన మొహాన్ని బాగుచేయలేం. ఇంట్లో చవక ఎల్‌ఈడీ కింద మాత్రం 1/200 పెడితే ఫొటోలో అడ్డ చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు వందసార్లు మిణుకుతుంది. 1/100కి దిగండి, చారలు పోతాయి.

దీనికి నచ్చే వెలుతురు అరుగు మీద దొరుకుతుంది. మనిషిని చూరు నీడలో, అంచుకు రెండడుగుల లోపల, వీధి వైపు తిప్పి కూర్చోబెట్టండి. ఒక చెంప మరీ నల్లబడితే ఆ పక్క తెల్ల పంచో థర్మకోల్ అట్టో పట్టిస్తే చాలు. ఫ్రేములో తెల్ల పంచె ఎక్కువుంటే కెమెరా బెదిరి మొహాన్ని నల్లగా తీస్తుంది, ఎక్స్‌పోజర్ సవరణ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే మీట) +0.7 పెట్టండి. నల్ల తలుపు ముందు నిలబెడితే దీనికి తిరగబడి మొహం మరీ తెల్లబడుతుంది, −0.7 పెట్టండి.

గోపాల్‌పూర్‌లో సముద్రం తూర్పున ఉంది. సముద్రం వెనక కనబడేలా తీయాలంటే సాయంత్రం వెళ్లండి, ఎండ మొహం మీద పడుతుంది. పొద్దున్నే అదే చోట మనిషి నల్లటి ఆకారమే మిగులుతాడు. ఎదురెండలో ఎఫ్/1.8 దగ్గర తెల్ల చీర అంచుల వెంట ఊదా రంగు గీత కూడా వస్తుంది, ఎఫ్/2.8కి చాలావరకు తగ్గిపోతుంది. హుడ్ (లెన్స్ ముందు ఎండకు అడ్డంగా తగిలించే తొడుగు) లేకుండా ఎండకు ఎదురు తీయొద్దు. ఫోకస్ చేసేటప్పుడు ముందు గొట్టం బయటికి వచ్చే మోడలైతే ఇసుక జాగ్రత్త. ముందు బ్లోయరుతో ఊదండి, గుడ్డ ఆ తర్వాతే. ఇంటికొచ్చాక సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టండి. ఈ తేమకు బూజు పట్టడం ఎంతసేపు!

సంతలో తీసేటప్పుడు దూరంగా నిలబడి దొంగచాటుగా తీయడానికి ఈ లెన్స్ పనికిరాదు, అదీ మంచిదే. రెండు మీటర్లంటే మాట కలిసే దూరం. తెలుగామె అయితే "ఒక్క ఫొటో తీసుకోనా పిన్నీ" అనండి, ఒడియా ఆమె అయితే "మావుసీ, గొటే ఫొటో నేబి?" అనండి. వద్దంటే కెమెరా దించేయండి.

కొనేముందు ఒక పని చేయండి. కిట్ లెన్స్ జూమ్‌ను 50 దగ్గర ఉంచి, కదలకుండా టేపు వేసి, వారం రోజులు ఇంట్లోవాళ్లనే తీయండి. మాటిమాటికీ వీపు గోడకు తగులుతుంటే మీకు కావలసింది ఇది కాదు, 35 ఎంఎం ఎఫ్/1.8.